తోక మరచిన పక్షి : అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ జీవితం

మన కళాశాలలో ఉర్దూ చదువుకునే విద్యార్థులకు షాహీన్ పక్షిని పరిచయం చేయనవసరం లేదు. ఇక్బాల్ కవిత్వం పుణ్యమా అని డేగ వారికి ఆత్మగౌరవానికి, ఉన్నతాశయానికి మారుపేరు. తెలుగు చదివేవారికి నలదమయంతుల నడుమ రాయబారం నడిపిన హంస ఉన్నది, వెన్నెల త్రాగి బ్రతికే చకోరం ఉన్నది. ఏ భాషలోని కవి అయినా పక్షిని చూచినప్పుడు తన మనస్సులోని మాటనే దానిచేత పలికించాడు. పక్షి ఎట్లా ఎగురుతున్నది, గాలిలో ఎట్లా మలుపు తిరుగుతున్నది, అంత వేగంగా వచ్చినది కొమ్మ మీద అంత మెత్తగా ఎట్లా వాలుతున్నది అని తరచి చూచిన కవులు బహు అరుదు. అటువంటి అరుదైన కవి ఒకరు క్రీస్తుశకం తొమ్మిదవ శతాబ్దంలో ఖుర్తుబా నగరంలో నివసించారు. ఆయన పేరు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్. ఆయన పక్షిని వర్ణించి ఊరుకోలేదు, పక్షి కావాలనుకున్నారు.

ఈ మహనీయుని గురించి మన పత్రికలలో అప్పుడప్పుడు వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలా భాగం ఆయనను ప్రపంచంలో మొట్టమొదటి విమాన చోదకుడని కీర్తించి అంతటితో ముగిస్తాయి. ఆ కీర్తనలో కొంత సత్యమున్నది, కొంత ఉత్సాహమూ ఉన్నది. సత్యమెంతో, ఉత్సాహమెంతో వేరు చేసి చూపడమే మా ఉద్దేశం. ఆయన జీవితం అలంకారాలు లేకుండానే నిలబడగలదు.

స్పెయిన్ దేశపు దక్షిణ భాగంలో ఇప్పుడు రోందా అని పిలిచే పట్టణం ఉన్నది. అరబ్బుల కాలంలో ఆ ప్రాంతానికి తాకురున్నా అని పేరు. ఇబ్న్ ఫిర్నాస్ అక్కడి వారు. జాతిరీత్యా ఆయన అరబ్బు కారు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన బెర్బరు వంశీకులు. ఆయన వంశం ఉమయ్యాద్ పాలకుల ఆశ్రితులలో చేరినది. ఆయన 810 ప్రాంతంలో జన్మించి ఉండవచ్చునని పండితుల అంచనా. రోందా కొండల నడుమ వెలసిన ఊరు. దాని మధ్యగా నిట్టనిలువు గోడలతో ఒక లోయ చీలిపోయి ఉంటుంది. ఆ పర్వతాలు నేటికీ రాబందులకు ఆటపట్టు. లోయ అంచున నిలబడిన వానికి ఎగిరే పక్షి వీపు కనిపిస్తుంది. మైదానంలో పుట్టిన మనకు ఎంతసేపూ పక్షి కడుపే కనిపిస్తుంది కదా! బాల్యంలో ఆయన ఏమి చూచారో ఏ గ్రంథమూ చెప్పదు. అయినా ఆ నేలను గురించి చదివినప్పుడు మాకు ఈ ఊహ కలుగక మానదు.

విద్య కోసమో, ఉపాధి కోసమో ఆయన రాజధాని అయిన ఖుర్తుబా చేరారు. ఇంగ్లీషు పుస్తకాలలో కార్డోబా అని కనిపించేది ఈ నగరమే. 1933లో ఇక్బాల్ దర్శించి, ఆ తరువాత గొప్ప కవితగా మలచిన మసీదు ఉన్నది ఈ నగరంలోనే. ఇబ్న్ ఫిర్నాస్ నాటికి ఆ మసీదు కట్టడం మొదలై ఇంకా వంద సంవత్సరాలు నిండలేదు. 822 నుండి 852 వరకు రెండవ అబ్దుర్ రహ్మాన్, ఆ తరువాత 886 వరకు ఆయన కుమారుడు ముహమ్మద్ ఈ రాజ్యాన్ని పాలించారు. తూర్పున బగ్దాదు, పడమర ఖుర్తుబా. బగ్దాదులో ఏ పుస్తకం వెలువడినా, ఏ పాట పుట్టినా, కొన్ని సంవత్సరాలకు అది ఖుర్తుబాకు చేరవలసిందే. బగ్దాదు నుండి వచ్చిన సంగీత విద్వాంసుడు జిర్యాబ్ ఈ ఆస్థానంలోనే కొలువుతీరి, 857లో మరణించేవరకు నగర నాగరికతనే మార్చివేశాడు. ఇబ్న్ ఫిర్నాస్ ఇటువంటి కొలువులో కవిగా ప్రవేశించారు. పద్యం చెప్పేవారు, వాద్యం వాయించేవారు, జ్యోతిష్యం చెప్పేవారు. ఈ మూడూ ఉన్నవాడు ఆ రోజులలో దర్బారులో అన్నానికి లోటు లేకుండా బ్రతుకవచ్చును. ఆయన అంతటితో తృప్తి పడి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు.

ఆయన బుద్ధి ఎటువంటిదో తెలుసుకోవడానికి ఎగిరిన కథకన్నా ముందు చెప్పవలసిన కథ మరొకటి ఉన్నది. భాషాబోధకులం కనుక మాకు ఇదే ఎక్కువ ఇష్టం.

బస్రా నగరవాసి ఖలీల్ ఇబ్న్ అహ్మద్ ఎనిమిదవ శతాబ్దంలో అరబ్బీ ఛందస్సును శాస్త్రంగా నిర్మించాడు. పలికే అక్షరాన్ని, ఆగే అక్షరాన్ని లెక్కవేసి, కవుల చెవిలో మాత్రమే ఉన్న లయను వలయాలుగా గీసి చూపాడు. ఉర్దూ గజలు నేటికీ ఆయన కొలతలలోనే నడుస్తున్నది. గురులఘువులు గుర్తుపెట్టి గణవిభజన చేయడంలో మన విద్యార్థులు పడే కష్టం మాకు తెలియనిది కాదు. మ-స-జ-స-త-త-గ అంటే శార్దూలమని గురువు చెప్పకుండా, వట్టి పుస్తకం మాత్రమే చేతికిస్తే ఎంతమందికి బోధపడుతుంది? ఖుర్తుబాలో సరిగా అదే జరిగినది. తూర్పు దేశం నుండి ఖలీల్ గ్రంథం వచ్చినది. చదివారు, ఎవరికీ అర్థం కాలేదు. వివరించే గురువు ఆ దేశంలో లేడు. ఆ పుస్తకం అంతఃపురంలో దాసీజనం వినోదానికి పఠించే వస్తువుగా మారిపోయినదని కూడా చెబుతారు. ఇబ్న్ ఫిర్నాస్ ఆ మాట విని పుస్తకాన్ని అడిగి తెప్పించుకున్నారు. ఒంటరిగా కూర్చుని, గ్రంథకర్త మనస్సులో ఏ క్రమం ఉన్నదో పట్టుకుని, దానిని విప్పి ఇతరులకు బోధించారు. పడమటి ముస్లిం దేశాలలో ఛందశ్శాస్త్రానికి ద్వారం తెరచినది ఆయనే.

దీనికీ, ఎగరడానికీ సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. చాలా సంబంధమున్నది. పద్యం విని ఆనందించడం ఒకటి, ఆ ఆనందం ఏ అక్షరాల కూర్పు వలన కలిగినదో కనిపెట్టడం మరొకటి. ఆయన పద్యాన్ని ఏ కంటితో చూచారో పక్షినీ ఆ కంటితోనే చూచారు.

ఆ కన్ను మరెన్నో వస్తువుల మీద పడినది. రాళ్ల నుండి గాజును తయారు చేసే పద్ధతిని అందలూసులో ఆయనే మొదట కనిపెట్టారని చరిత్రకారులు వ్రాశారు. స్ఫటిక శిలను కోసి మెరుగుపెట్టే విద్యను కూడా ఆయనకే ఆపాదిస్తారు. అంతకు ముందు ఆ రాళ్లను ఈజిప్టుకు పంపవలసి వచ్చేదట. గ్రహగతులను చూపే వలయ యంత్రాన్ని చేశారు. సూర్యుడూ నక్షత్రాలూ కనిపించని మబ్బు రోజులలో నమాజు వేళలు తెలియడానికి ఒక గడియారాన్ని నిర్మించి అమీరు ముహమ్మద్‌కు సమర్పించారు.

వీటన్నిటికంటె జనాన్ని ఆశ్చర్యపరచినది ఆయన ఇంటిలోని ఒక గది. దాని పైకప్పులో ఆయన ఆకాశాన్ని కల్పించారు. చూడవచ్చినవారికి అందులో నక్షత్రాలు కనిపించేవి, మబ్బులు కమ్మేవి, మెరుపులు మెరిసేవి, ఉరుములు ఉరిమేవి. 2000 సంవత్సరాల నాటి మన పిల్లలు నక్షత్రశాలకు టిక్కెట్టు కొని వెళ్లి చూచినదానికి పూర్వరూపం అది అనవచ్చును. ఏ యంత్రాలతో ఆ ఉరుమును పుట్టించారో వివరం మిగలలేదు. మిగిలినది దాని మీద వచ్చిన ఎగతాళి.

ఆ ఎగతాళి చేసినవాడు మూమిన్ ఇబ్న్ సయీద్ అనే ఆస్థాన కవి. ఇబ్న్ ఫిర్నాస్ ఏ పని చేసినా దాని మీద ఒక వ్యంగ్య పద్యం కట్టి వదలడం ఆయనకు నిత్యకృత్యం. ఆస్థాన కవుల మధ్య అసూయ మన భువనవిజయానికి కూడా క్రొత్త కాదు కనుక ఇందులో వింత లేదు. ఈ పద్యాల మాట మళ్లీ వస్తుంది, విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవలెను.

ఎగతాళి కంటె ప్రమాదమైనది కూడా ఒకటి వచ్చినది. కొలిమి మండే ఇల్లు, ఉరుములు వినిపించే గది, ఎవరికీ తెలియని లెక్కలు - ఇవన్నీ చూచి కొందరు ఆయన మంత్రగాడని, ధర్మం తప్పినవాడని ఆరోపించారు. ఖాజీ ఎదుట విచారణ జరిగినది. సాక్ష్యం చాలలేదు, నిర్దోషిగా బయటపడ్డారు. ఈ ఘట్టాన్ని మనం రెండు వైపులా చూడవలెను. నేర్చినవాని మీద నేర్వనివారు అభియోగం మోపడం ఒక వైపు. వదంతిని సాక్ష్యంగా అంగీకరించని న్యాయస్థానం ఆ నగరంలో ఉండడం మరొక వైపు. మొదటిదాన్ని మాత్రమే చెప్పి ఆ సమాజాన్ని నిందించేవారూ ఉన్నారు, రెండవదాన్ని మాత్రమే చెప్పి పొగిడేవారూ ఉన్నారు.

ఇక ఎగిరిన కథకు వద్దాము.

ఖుర్తుబా వెలుపల రుసాఫా అని ఒక ఉద్యానవనం ఉండేది. సిరియా నుండి ప్రాణాలతో తప్పించుకుని వచ్చి ఈ రాజ్యాన్ని స్థాపించిన మొదటి అబ్దుర్ రహ్మాన్, తన తాతగారి విడిదికి గుర్తుగా ఆ పేరు పెట్టుకున్నాడు. ఇబ్న్ ఫిర్నాస్ గాలిలోకి లేచినది ఈ రుసాఫా ప్రాంతంలోనని చెబుతారు. శరీరానికి ఈకలు కప్పుకుని, రెండు రెక్కలు కట్టుకుని, ఎత్తయిన చోటు నుండి ఆయన గాలిలోకి దూకారు. పడిపోలేదు. కొంత దూరం తేలుతూ పోయారు. చూడవచ్చినవారు ఆయన పక్షివలెనే ఎగిరారని చెప్పుకున్నారు. తరువాత దిగవలసి వచ్చినది. అక్కడే చిక్కు వచ్చిపడినది. వేగం తగ్గలేదు. నేలను బలంగా ఢీకొని వెన్నుకు గాయమైనది. ప్రాణం మాత్రం దక్కినది.

గాయానికి కారణం చెప్పిన వాక్యమే ఈ కథ అంతటిలోకీ విలువైనది. పక్షి వాలేటప్పుడు తోక మీద ఆధారపడుతుందని ఆయన గమనించలేదనీ, అందువలన తనకు తోక అమర్చుకోలేదనీ చరిత్రకారుడు వ్రాశాడు. రెక్కలను చూచిన మనిషి తోకను చూడలేదు.

ఈ మాటలో నిజమెంత? విద్యార్థులు హైదరాబాదు వెళ్లినప్పుడు మక్కా మసీదు ఆవరణలో ఐదు నిమిషాలు నిలబడి పావురాలను చూడవలెను. గింజల కోసం దిగే పావురం చివరి క్షణంలో ఏమి చేస్తున్నది? అంతవరకూ అడ్డంగా ఉన్న శరీరాన్ని నిలువుగా లేపుతున్నది. రెక్కలను గాలికి ఎదురుగా నిలబెడుతున్నది. ముడుచుకుని ఉన్న తోకను విసనకర్రవలె విప్పి క్రిందికి వంచుతున్నది. గాలి ఆ వెడల్పుకు తగిలి వేగాన్ని హరిస్తున్నది. రెక్క మడత దగ్గర, మన బొటనవ్రేలి స్థానంలో, చిన్న ఈకల గుత్తి ఒకటి ఉంటుంది. వేగం బాగా తగ్గి గాలి పట్టు తప్పబోయే సమయంలో అది పైకి లేచి, రెక్క మీదుగా గాలిని సజావుగా నడిపిస్తున్నది. ఆఖరున కాళ్లు ముందుకు చాచి మిగిలిన తాకిడిని అవి భరిస్తున్నవి. ఇదంతా రెప్పపాటు కాలం. విమానం దిగేటప్పుడు కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి రెక్క వెనుక భాగం క్రిందికి జారుతూ వెడల్పవుతుండడం కనిపిస్తుంది. ఇనుములో, అల్యూమినియంలో తిరిగి వ్రాసిన పావురపు పాఠమే అది.

గద్దను చూచినా సరే. మాంసపు అంగళ్ల పైన తిరిగే గద్ద రెక్కలాడించడం చాలా తక్కువ. తోకను మాత్రం ఒక్క క్షణం ఊరకే ఉంచదు. కుడికీ ఎడమకీ మెలి త్రిప్పుతూనే ఉంటుంది. తీగలు, మేడలు, మనుషులు క్రిక్కిరిసిన సందులోనికి దూకి, ముక్కను తన్నుకుని, దేనికీ తగలకుండా పైకి లేచిపోతుంది. పక్షి లాఘవమంతా రెక్కల బలంలో ఉన్నదని మనం అనుకుంటాము. గట్టిగా ముందుకు పోవడం కంటె సమయానికి ఆగడం, ఇరుకులో తిరగడం, మెత్తగా దిగడం కష్టమైన విద్య. ఆ విద్యలో తోకకు పెద్ద పాత్ర ఉన్నది.

అయితే ఒక సందేహం తీర్చుకోవలసి ఉన్నది. పిల్లి పంజాకు తోక ఊడిన పిచ్చుకను మనలో కొందరు చూచే ఉంటారు. అది ఎగురుతూనే ఉంటుంది, దిగుతూనే ఉంటుంది. మరి తోక లేకపోవడమే ఇబ్న్ ఫిర్నాస్ పతనానికి కారణమా? మా ఆలోచన ఇది: పిచ్చుక రెక్క సజీవమైనది. తోక పోయినా అది రెక్కను ముందుకు వెనుకకు జరిపి, వంచి, మెలిపెట్టి సరిచూసుకోగలదు. మనిషి కట్టుకున్న రెక్క చట్రానికి బిగించినది. అది మోస్తుందే గాని సవరించుకోదు. అటువంటి వానికి తోక మరీ అవసరం. చరిత్రకారుని వాక్యం శాస్త్రరీత్యా పూర్తిగా సరియైనది కాదు. ఏ పక్షీ తోక మీద కూర్చుండి వాలదు. కాని దోషం దిగడంలో ఉన్నదని, దానికి వెనుక భాగంలోని లోపమే కారణమని గుర్తించినవాడు సగం దారి నడిచినట్లే.

ఇప్పుడు ఆధారాల మాట. ఈ కథను మనకు విపులంగా చెప్పినవాడు అల్ మఖ్ఖరీ అనే చరిత్రకారుడు. ఉత్తర ఆఫ్రికాలోని తిలిమ్సాన్‌లో పుట్టి 1632లో కైరోలో మరణించాడు. ఆయన నఫ్హుత్ తీబ్ అనే మహాగ్రంథం ఇబ్న్ ఫిర్నాస్ మరణించిన దాదాపు 750 సంవత్సరాల తరువాత వెలువడినది. మన లెక్కలో చెప్పాలంటే, కాకతి గణపతిదేవుని కాలపు సంగతిని నేడు కూర్చుని వ్రాసినట్లు. అయితే మఖ్ఖరీ ఊహించి వ్రాసినవాడు కాడు. నేడు మనకు అలభ్యమైన ప్రాచీన గ్రంథాలెన్నో ఆయన చేతిలో ఉండేవి, వాటి నుండి సేకరించాడు. 875వ సంవత్సరంలో ఎగిరారని అనేక పుస్తకాలు వ్రాస్తున్నాయి. ఆ లెక్కన ఆయనకు అప్పుడు అరువది అయిదేళ్లు. మఖ్ఖరీ మాత్రం సంవత్సరం చెప్పలేదు. పది నిమిషాలు గాలిలో ఉన్నారని కూడా కొన్ని వ్యాసాలలో చూచాము. దానికి ఆధారం లేదు. అర్మెన్ ఫిర్మన్ అనే మరొకరు 852లో అంతకు ముందే దూకారని, ఆయనను చూచి ఇబ్న్ ఫిర్నాస్ నేర్చుకున్నారని ఇంకొక కథ. ఆ పేరు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అన్న పేరే లాటిను నోళ్లలో పడి మారిన రూపమని చాలామంది అభిప్రాయం.

మరి నమ్మడానికి ఏమున్నది? ఇక్కడే మూమిన్ ఇబ్న్ సయీద్ మన సహాయానికి వస్తాడు. సమకాలికుడైన ఈ ఎగతాళి కవి, రాబందు ఈకలు తొడుక్కుని ఎగరబోయిన ఇబ్న్ ఫిర్నాస్‌ను ఉద్దేశించి ఒక చాటువు చెప్పాడు. అది నిలిచినది. మిత్రుడు వ్రాసిన పొగడ్త అయితే సందేహించవలసి వచ్చేది. పరిహాసం చేయదలచినవాడు జరగని పనిని పరిహసించడు. ఖుర్తుబా వాసులందరికీ తెలిసిన సంఘటన కనుకనే ఆ పద్యానికి నవ్వు పుట్టి ఉంటుంది. కనుక మనం ఇంతమాత్రం ధైర్యంగా చెప్పవచ్చును: తొమ్మిదవ శతాబ్దంలో ఖుర్తుబా కవి ఒకరు ఈకలు, రెక్కలు ధరించి గాలిలోకి వెళ్లే ప్రయత్నం చేశారు, బ్రతికి బయటపడ్డారు. ఎంత దూరం, ఎంతసేపు అనేవి చెప్పలేము. మా దృష్టిలో ఇది చాలును. ఉపన్యాసాలలో దీనికి పది నిమిషాలు, పది మైళ్లు చేర్చేవారు ఆయనకు మేలు చేయడం లేదు. పరీక్షించి చూచేవాడు ఆ చేర్పును పట్టుకున్న నాడు, దానితోపాటు అసలు కథను కూడా త్రోసివేస్తాడు.

ఈ ప్రయత్నం ఆయనతో ఆగలేదు. అరబ్బీ నేర్చుకునేవారు నేటికీ గౌరవించే సిహాహ్ అనే నిఘంటువును కూర్చిన జౌహరీ, పదకొండవ శతాబ్దపు ఆరంభంలో నీషాపూర్‌లో మసీదు కప్పు మీద నుండి కొయ్య రెక్కలతో దూకి మరణించాడు. పదాల అర్థాలను అంత జాగ్రత్తగా తూచినవాడు గాలిని తూచలేకపోయాడు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో మామ్స్‌బరీ మఠానికి చెందిన ఎయిల్మర్ అనే క్రైస్తవ సన్యాసి గోపురం నుండి దూకి, సుమారు రెండు వందల మీటర్లు పోయి, రెండు కాళ్లూ విరుగగొట్టుకున్నాడు. కుంటివాడై చాలాకాలం బ్రతికి, వెనుక తోక పెట్టుకోకపోవడమే తన దోషమని చెప్పేవాడట. ఖుర్తుబా ఎక్కడ, మామ్స్‌బరీ ఎక్కడ! ఒకరి సంగతి ఒకరికి తెలిసినదో లేదో గాని, ఇద్దరి గాయాలూ ఒకే పాఠం చెప్పినవి.

1680లో ఇటలీ పండితుడు బోరెల్లీ గ్రంథం అచ్చయినది. మనిషి ఎందుకు రెక్కలాడించి ఎగరలేడో ఆయన లెక్క కట్టి చూపాడు. పావురం శరీరపు బరువులో దాదాపు ఐదవ వంతు ఎగిరే కండరాలే. మన ఛాతీ కండరాలు ఆ నిష్పత్తికి దరిదాపులకు కూడా రావు. అక్కడితో రెక్కలాడించాలనే ఆశ తీరినది. తేలాలనే ఆశ మిగిలినది. జర్మనీలో ఓటో లిలియెంతాల్ తమ్మునితో కలిసి చిన్ననాటి నుండి కొంగలను గమనించి, 1889లో పక్షుల గమనం మీద పుస్తకం వ్రాశాడు. 1891 నుండి కొండల మీద నుండి రెండు వేల మార్లు తేలాడు. ఆయన యంత్రానికి తోక ఉన్నది. అయినా 1896 ఆగస్టు 9న గాలి పట్టు తప్పి కూలి, మరునాడు మరణించాడు. శరీరాన్ని అటూ ఇటూ ఊపడం తప్ప సరిచూసుకునే ఉపాయం ఆయన వద్ద లేదు. ఆ లోపాన్ని తీర్చినవారు అమెరికాలోని రైట్ సోదరులు. పక్షి ఒరిగినప్పుడు రెక్కల కొనలు మెలితిప్పి నిలదొక్కుకుంటున్నదని విల్బర్ రైట్ గమనించాడు. ఆ మెలికను గుడ్డ రెక్కలకు త్రాళ్లతో నేర్పారు. 1903 డిసెంబరు 17న మొదటిమారు 12 సెకండ్లు, 120 అడుగులు ఎగిరారు.

ఇబ్న్ ఫిర్నాస్ నుండి రైట్ సోదరుల వరకు తిన్నని దారి ఉన్నదని మేము చెప్పడం లేదు. ఆయన గురించి వారు విన్నారనడానికి ఏ ఆధారమూ లేదు. చెప్పదగినది వేరొకటి. ఒక్కొక్కరు పక్షిలో ఒక్కొక్క అవయవాన్ని చూచారు. మొదటివారు రెక్కను, దెబ్బ తిన్న తరువాత తోకను, బోరెల్లీ కండను, లిలియెంతాల్ రెక్క వంపును, రైట్ సోదరులు రెక్క కొనను చూచారు. పక్షులను చూడుమని ఖుర్ఆన్ కూడా మానవుని ఆహ్వానించినది. ఆ ఆహ్వానాన్ని మనలో ఎంతమంది కన్నులతో స్వీకరించారో తెలియదు. మన విద్యార్థులలో షాహీన్ మీద పద్యం వ్రాయగలవారు చాలామంది ఉన్నారు; మిద్దె మీది గద్ద తోక చీలి ఉంటుందో, గుండ్రంగా ఉంటుందో అడిగితే పై కప్పు వైపు చూచేవారు అంతకంటె ఎక్కువమంది ఉన్నారు.

గాయపడిన తరువాత ఇబ్న్ ఫిర్నాస్ మళ్లీ ఎగిరినట్లు ఎక్కడా లేదు. హిజ్రీ 274లో, అనగా 887లో ఆయన మరణించారు. తాను సేవించిన అమీరు ముహమ్మద్ అంతకు ముందు సంవత్సరమే గతించాడు. ఆయన పద్యాలలో కొన్ని మాత్రమే మిగిలినవి. గడియారం, వలయ యంత్రం, ఉరుముల గది - ఏదీ మిగలలేదు.

తరువాతి కాలం ఆయనను మరువలేదు. బగ్దాదు విమానాశ్రయపు దారిలో రెక్కలు చాచి నిలిచిన ఆయన విగ్రహం 1973 నాటిది. ఖుర్తుబాలో గ్వాదల్‌కివీర్ నది మీద 2011లో తెరచిన వంతెనకు ఆయన పేరు పెట్టారు; దాని తోరణాలు రెండు రెక్కలవలె ఉంటాయి. 1976లో చంద్రుని మీద 89 కిలోమీటర్ల వెడల్పు గల ఒక బిలానికి ఇబ్న్ ఫిర్నాస్ అని నామకరణం జరిగినది. అది చంద్రుని ఆవలి ముఖాన ఉన్నది. పున్నమి రాత్రి కూడా మనకు కనిపించదు. అక్కడి దాకా ఎగిరి వెళ్లినవారే చూడవలెను.